ఎఫ్ కార్డూ, ఫీలర్ గేజూ

మొన్న పొద్దున్న షుగర్ చూసుకుందామని అలవాటుగా ఎడమచేతి ఉంగరం వేలు గుచ్చుకున్నాను. చుక్క రాలేదు. సూది మార్చి మళ్లీ గుచ్చుకున్నా, రాలేదు. పక్క వేలు, అదీ అంతే. మా ఆవిడ వచ్చి నా చెయ్యి తిరగేసి చూసి "ఏటండీ ఇవి, వేళ్లా కొబ్బరి చిప్పలా" అంది. నాలుగు వేళ్ల కొసలూ కాయలు కాసిపోయి ఉన్నాయి. ఆ రోజు నుంచీ షుగర్ టెస్టుకి కుడిచెయ్యి, గిటార్‌కి ఎడంచెయ్యి అని ఇంట్లో పంపకం అయిపోయింది.

నాకిప్పుడు 62. విశాఖ స్టీల్ ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో 35 ఏళ్లు మెకానికల్ మెయింటెనెన్స్ చేసి 2023లో రిటైరయ్యాను, క్వార్టర్ ఖాళీ చేసి ఎంవీపీ కాలనీలో ఫ్లాటుకి మారాం. నా గిటార్ కథ మాత్రం ఆ ఉద్యోగం కంటే పాతది. 1984లో డిప్లొమా అయ్యి ఖాళీగా తిరుగుతున్నప్పుడు, పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ గిటార్ కొన్నాను, ట్యూషన్లు చెప్పిన డబ్బులతో. వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయినాయన, వరండాలో కూర్చోబెట్టి నేర్పేవారు. తప్పు వాయిస్తే ఏమీ అనేవారు కాదు, చేతికర్రతో నేల మీద తాళం కొట్టడం ఆపేసేవారు, అంతే, ఆ నిశ్శబ్దానికి చెమటలు పట్టేవి. ఏడెనిమిది నెలలు నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగం. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. రాత్రంతా మిల్లులో ఉండి పగలు పడుకునేవాడికి గిటార్ ఏంటి, పక్కింట్లో కుక్కర్ కూత పెట్టినా కోపం వచ్చేది. పెళ్లి, పిల్లలు, గిటార్ బీరువా పైకి ఎక్కింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి కిటికీ అద్దాలు ఎగరగొట్టి ఇల్లంతా వాన నీళ్లు నింపేసినప్పుడు అది కూడా తడిసింది, కరెంటు లేదు, నీళ్లు లేవు, ఎవరికి గుర్తుంటుంది గిటార్, వారం తర్వాత దించి చూస్తే బ్రిడ్జి ఊడిపోయి, పొట్ట వేయించిన అప్పడంలా లేచిపోయి ఉంది. ఏడవలేదు గానీ ఆ రోజు అన్నం సయించలేదు.

సరే. రిటైరయ్యాక ఒక సంవత్సరం చూసి కొత్తది కొన్నాను. మామూలు అకౌస్టిక్, స్టీల్ తీగలది. కొనేటప్పుడే షాపులో కుర్రాడు "ఈ వయసులో ఉకులేలే అయితే సులువు సార్, నాలుగు తీగలే" అన్నాడు. ఇంటికొచ్చాక మా బావమరిది "బావా, ఎముకలు ముదిరిపోయాయి, ఇప్పుడవి వంగవు, హాయిగా పాటలు విను" అన్నాడు. నేను వాళ్లకి జవాబు చెప్పలేదు, మూడు నెలలు యూట్యూబ్ చూస్తూ రోజుకి మూడు గంటలు షిఫ్టు చేసినట్టు కూర్చున్నాను, వేళ్లు బొబ్బలెక్కాయి, మణికట్టు వాచింది, ఎఫ్ కార్డు, అంటే చూపుడు వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా వేసి పట్టే స్వరాల గుత్తి, పట్టుకుంటే తలుపు కొట్టిన చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. చివరికి నేనే అనుకున్నాను, బావమరిది చెప్పింది నిజమే, వయసైపోయింది అని.

ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క మాట మీదే. ఎందుకంటే ఆ మాట అనుకున్న రాత్రే నాకు సిగ్గేసింది. మిల్లులో ఒక స్టాండ్ దగ్గర బేరింగ్ కాలిపోయిందనుకోండి, ఆపరేటర్ "పాత మెషిన్ సార్, ఏం చేస్తాం" అంటాడు. ఆ మాట అన్నవాడిని 35 ఏళ్లలో ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు నేను. పాతది అనేది కారణం కాదురా, ఎలైన్‌మెంట్ చూశావా, లూబ్రికేషన్ చూశావా, బోల్టు టైట్ ఉందా, అవన్నీ కొలిచి కాగితం మీద రాసుకురా, అప్పుడు మాట్లాడదాం అనేవాణ్ణి. అలాంటివాడిని, నా వేళ్ల దగ్గరకి వచ్చేసరికి ఒక్క కొలతా తీసుకోకుండా "పాత మెషిన్" అని ఫైలు మూసేశాను. వయసు మీద తోసేయడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. అందరికీ సుఖమే. అమ్మినవాడికి సుఖం, ఇంట్లోవాళ్లకి సుఖం, అన్నిటికంటే మనకి.

లేచి టూల్ బాక్స్ తీశాను. స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్న రేకుల కట్ట). 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర, లావు తీగ కింద అంచుకీ ఫ్రెట్ తలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తే 4 మిల్లీమీటర్లు! గిటార్ వాళ్లు దీన్ని యాక్షన్ అంటారు, లావు తీగ దగ్గర 2.4 అటూ ఇటూ, సన్న తీగ దగ్గర ఇంకొంచెం తక్కువ ఉంటే చెయ్యి బతుకుతుంది. 4 అంటే అది గిటార్ కాదు, చీజ్ కోసే వైరు. పాతికేళ్ల కుర్రాడికిచ్చినా ఆ గిటార్ మీద ఎఫ్ పలకదు, పలికినా సాయంత్రానికి పెట్టెలో పెట్టేస్తాడు. తేడా ఏంటంటే, వాడు "ఈ గిటార్ బాలేదు" అంటాడు, మనం "నేను బాలేను" అంటాం.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, తొందరున్నవాళ్లు కిందకి వెళ్లిపోవచ్చు. ముందు నెక్ వంపు చూడాలి. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగల్ని నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి, బాడీ మొదలయ్యే చోట అదే లావు తీగని నొక్కి పట్టుకుంటే ఆ తీగే స్ట్రెయిట్ ఎడ్జ్ అయిపోతుంది, మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర 0.2, 0.25 మిల్లీమీటర్ల ఫీలర్ దూరితే చాలు. ఎక్కువుంటే, నెక్ లోపల వంపు సరిచేసే ట్రస్ రాడ్ అని ఒక కడ్డీ ఉంటుంది, ఎలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఆగి, మళ్లీ కొలవాలి, ఒకేసారి బలం చూపిస్తే గిటార్ పోతుంది. తర్వాత బ్రిడ్జిలో ఉండే తెల్ల పుల్ల, శాడిల్ అంటారు, దాని అడుగు భాగం అరగదీయాలి. అద్దం ముక్క మీద 120 నంబరు ఎమరీ పేపర్ పరిచి రుద్దాను. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ 1 మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ 2 మిల్లీమీటర్లు అరగాలి. రెండు రోజులు పట్టింది, తీయడం తేలికే గానీ అతికించడం ఉండదు కదా. నట్ (నెక్ తలవైపు తీగలు ఆనుకునే సన్న పట్టీ) జోలికి మాత్రం నేను పోలేదు, తీగలు కూర్చునే ఆ గాడులు లోతు చేయడానికి వేరే సన్న ఆకురాళ్లు కావాలి, రిపేర్ చేసేవాడికిచ్చాను. నిజానికి అసలు దొంగ అదే. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద చూస్తే వెంట్రుక మందం సందు ఉండాలి, నాదాంట్లో విజిటింగ్ కార్డు దూరింది. ఎఫ్ కార్డు పట్టేది మొదటి ఫ్రెట్ మీదే, నట్‌కి ఆనుకుని, అక్కడ తీగ అసలే బిగుసుకుని ఉంటుంది. ఇదే చేతి ఆకారం ఐదో ఫ్రెట్ మీద పట్టుకోండి, అది ఎ మేజర్ అవుతుంది, సగం బలంతో పలుకుతుంది. యూట్యూబ్‌లో ఎఫ్‌ని మొదటి ఫ్రెట్ మీదే మొదలెట్టించేవాళ్లని చూస్తే నాకు ట్రెయినీని తీసుకెళ్లి నేరుగా మిల్లులో అన్నిటికంటే వేగంగా తిరిగే ఫినిషింగ్ బ్లాక్ ముందు నిలబెట్టినట్టుంటుంది.

తీగలు కూడా మార్చాను, 12 సెట్టు తీసేసి 10 సెట్టు (ఆ అంకె సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 12 సెట్టు ఆరు తీగలూ కలిపి నెక్‌ని 70 కిలోల పైన లాగుతూ ఉంటాయి, 10 వేస్తే పదీ పన్నెండు కిలోలు తగ్గుతుంది. ఆ సన్న తీగ మందం 0.254 మిల్లీమీటర్లు. దాన్ని మొదటిసారి మైక్రోమీటర్‌లో పెట్టి చూసిన రోజు ఎందుకో చాలాసేపు కూర్చుండిపోయాను. మేం మిల్లులో తీసే రాడ్డు సన్నది 5.5 మిల్లీమీటర్లు, ఎర్రగా కాలుతూ చుట్టలు చుట్టుకుంటూ పడేది. అలాంటి రాడ్డునే డైల్లోంచి, అంటే సన్న కన్నాల అచ్చుల్లోంచి, లాగి లాగి సన్నం చేస్తే ఇలాంటి వైరు వస్తుంది, అందులో కార్బన్ ఎక్కువుండే రకం వాడతారు. లెక్క వేశాను, ఒక్క మీటరు రాడ్డు నుంచి దాదాపు 470 మీటర్ల మొదటి తీగ. అన్నేళ్లు టన్నుల్లో చూశాం గానీ అది మోగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో సంగతి, మన ఊరిది. గిటార్ చెక్కకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే ఇష్టం, విశాఖలో వేసవిలో 70 దాటడం మామూలే, పైగా మా ఇంటికి లాసన్స్ బే నుంచి ఉప్పుగాలి నేరుగా వస్తుంది. తేమకి పై చెక్క ఉబ్బుతుంది, దాంతోపాటు బ్రిడ్జి లేస్తుంది, యాక్షన్ పెరుగుతుంది. అంటే ఫిబ్రవరిలో హాయిగా పలికిన కార్డు జూన్‌లో పలక్కపోతే అది మీ కీళ్లనొప్పే కానక్కర్లేదు, ఒకసారి స్కేలు పెట్టి చూడండి. తీగలు తుప్పు పట్టకుండా వాయించాక పాత బనీను గుడ్డతో తుడవండి. బాల్కనీ గోడకి తగిలించి ఫోటోలు పెట్టేవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

గిటార్ బాగైంది, నొప్పి సగం తగ్గింది. పాట మాత్రం రాలేదు.

ఇదే అసలు కష్టం, దీనికి ఫీలర్ గేజ్ లేదు. నలభై ఏళ్ల తర్వాత కూడా నా చెయ్యి 'ఇ మైనర్' కార్డు నుంచి 'జి' కార్డుకి దానంతటదే వెళ్లిపోయేది, నేను మురిసిపోయాను, ఆహా మర్చిపోలేదు అని. మా ఇంటికి రెండు వీధుల అవతల టైలర్ షాపు మీద గదిలో ఒక అబ్బాయి నేర్పుతాడు, నెలకి 1500, పాతికేళ్లుంటాయేమో. మొదటిరోజు నా వాయింపు విని "బాగుంది అంకుల్" అన్నాడు, అని నా వెనక్కి వచ్చి నుంచుని నా ఎడమ బొటనవేలు చూశాడు. అది నెక్ మీదుగా పైకి వచ్చి క్రికెట్ బ్యాటు పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది, అరచెయ్యి చెక్కకి అతుక్కుపోయి ఉంది. అలా పట్టుకుంటే చిటికెన వేలు ఎక్కడికీ అందదు, ఎఫ్ లాంటి బారె కార్డు జన్మలో రాదు. 1984లో ఆ పెద్దాయన కర్ర ఆపేసింది బహుశా దానికేనేమో, నాకు తెలియలేదు. చెయ్యి మర్చిపోలేదు, నిజమే, తప్పుని కూడా మర్చిపోలేదు.

యూట్యూబ్ మీద నాకున్న పేచీ ఇదే. పాఠాలు బ్రహ్మాండంగా ఉంటాయి, ఉచితం, ఎన్నిసార్లైనా చూడొచ్చు. కానీ అది నా బొటనవేలు చూడదు. నేను దాన్ని చూస్తాను, అది నన్ను చూడదు. రిటైరైనవాళ్లం దానికి అతుక్కుపోయేది కూడా అందుకేనని నా అనుమానం, తప్పని చెప్పేవాడు ఉండడు. అన్నేళ్లు "సార్ సార్" అనిపించుకున్నాం, మీటింగులో మనం మాట్లాడుతుంటే మధ్యలో ఎవడూ ఆపలేదు, ఇప్పుడు పాతికేళ్ల కుర్రాడు "కాదంకుల్, మళ్లీ" అంటే లోపల ఎక్కడో కాలుతుంది. నాకూ కాలింది. రెండో వారం ఏం చేశానంటే, వాడికి నేనే పాఠం చెప్పడం మొదలుపెట్టాను! ఫ్రెట్లు ఎందుకు దగ్గరవుతూ పోతాయో తెలుసా బాబూ, 2కి 12వ మూలం 1.0595, తీగ పొడవుని దాంతో భాగించుకుంటూ పోవాలి, 650 మిల్లీమీటర్ల తీగకి మొదటి ఫ్రెట్ 36.5 దగ్గర వస్తుంది, 12వది సరిగ్గా 325 దగ్గర, అని నోటుబుక్కులో బొమ్మ కూడా వేశాను. పాపం అంతా విన్నాడు. విని, తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60లో పెట్టి, "బాగుంది అంకుల్, ఇప్పుడు జి నుంచి సి కి మారండి" అన్నాడు. మారలేకపోయాను. పక్కన ఐదో క్లాసు పిల్ల నోరు మూసుకుని నవ్వుతోంది.

ఆ రోజు మానేద్దామనుకున్న మాట నిజం. మెట్లు దిగుతూ, నా వయసుకి ఇదంతా అవసరమా అనుకున్నాను, చూశారా, మళ్లీ వయసే వచ్చింది నోట్లోకి. అవమానాన్ని వయసు అని పిలిస్తే మర్యాదగా ఉంటుంది మరి.

మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసే టైమ్‌లో నడుస్తాం, "మన వీణ ఉండగా ఆ తెల్లోడి వాయిద్యం ఎందుకండీ" అంటారు రోజూ. వయొలిన్ ఎవరిదండీ మరి? బాలుస్వామి దీక్షితార్ దాన్ని మన సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లు దాటింది, పక్కనున్న విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయిస్తే ఊరంతా మనదే అనుకుంది, పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కచేరీలు చేస్తే ఎవరూ వీసా అడగలేదు. గమకాలు పలకవు అంటారు, వీణకి మాత్రం మెట్లు లేవా, 24 ఉన్నాయి, అక్కడ తీగ పక్కకి లాగినట్టే ఇక్కడా లాగొచ్చు, నేను లాగలేను, అది వేరే సంగతి. నాకు చిన్నప్పుడు అక్కయ్య పక్కన కూర్చుని విన్న సరళీ స్వరాలు గుర్తున్నాయి, మాయామాళవగౌళ, సి నుంచి మొదలుపెట్టి ఒక్క తీగ మీద వెతుక్కుంటూ పోతే ముందు ఒక ఫ్రెట్టు ఎడం, తర్వాత మూడు ఫ్రెట్ల గెంతు, అలా దొరికిన రోజు ఆ వాకింగ్ బ్యాచ్ ఆయనకి ఫోన్‌లో వినిపించాను. "శ్రుతి బాగానే ఉంది" అన్నారు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ మనిషి దగ్గర రాదు.

వాట్సాప్‌లో ఒకటి తిరుగుతూ ఉంటుంది, ముసలితనంలో వాయిద్యం నేర్చుకుంటే మెదడుకి మంచిది, మతిమరుపు రాదు అని. వస్తుందో రాదో డాక్టర్లు చూసుకుంటారు. నాకు చిరాకు దేనికంటే, కుర్రాడు గిటార్ పట్టుకుంటే పాట కోసం అంటాం, ముసలాడు పట్టుకుంటే మందు కోసం అంటాం. కాకరకాయ రసం లిస్టులో వేసేశారు దీన్ని. నేను మెదడు కోసం వాయించట్లేదండీ, ఎఫ్ పలకాలని వాయిస్తున్నాను.

వయసు వల్ల అసలు తేడా లేదని చెప్పట్లేదు, ఉంది, కొలిచాను గనక చెప్తున్నా. కళ్లజోడు ఒకటి. నా ప్రోగ్రెసివ్ అద్దాల్లో ఫోన్ కనిపిస్తుంది, టీవీ కనిపిస్తుంది, ఫ్రెట్ బోర్డు మాత్రం రెంటికీ మధ్యలో మసగ్గా ఉంటుంది, మెడ వంచి వంచి నొప్పి వచ్చేది, ఆ దూరానికే వేరే జోడు చేయించుకున్నాను. పొద్దున్నే ఉంగరం వేలు బిర్రుగా ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు పెడితే వదులవుతుంది. మూడు గంటల షిఫ్టు మానేశాను, పొద్దున్న 20 నిమిషాలు, సాయంత్రం 20. కొత్త గేర్ బాక్సుని మొదటిరోజే ఫుల్ లోడులో నడపం కదా, అది తెలిసినవాడినే నేను. పిల్లలకి వారంలో వచ్చే మార్పు నాకు నెల పడుతుంది. పడనీండి. నాకు సి షిఫ్టు లేదు ఇప్పుడు.

పోయిన శనివారం క్లాసులో ఎఫ్. యాక్షన్ సరిగ్గా ఉంది, బొటనవేలు వెనకే ఉంది, అన్ని తీగలూ మోగుతున్నాయి, రెండోది తప్ప. అది టక్ అని చచ్చిపోతోంది. మాస్టారు వేరేవాళ్ల దగ్గర ఉన్నాడు. ఆ ఐదో క్లాసు పిల్ల వంగి నా చూపుడు వేలు కేసి చూసి, "తాతగారూ, మీ వేలు మడత సరిగ్గా ఆ తీగ మీదే ఉంది, కొంచెం పైకి జరపండి, నాక్కూడా అలాగే అయ్యేది" అంది. జరిపాను, రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. మోగింది. ఆరు తీగలూ.

ఆదివారం ఇంట్లో మళ్లీ మోగలేదు. ఫీలర్ గేజ్ తీసి నట్ దగ్గర చూశాను, సరిగ్గానే ఉంది. 12వ ఫ్రెట్ దగ్గర 2.4, అదీ సరిగ్గానే ఉంది. స్కేలు పెట్టెలో పడేసి వేలు రెండు మిల్లీమీటర్లు పైకి జరుపుతూ కూర్చున్నాను, మా ఆవిడ వంటింట్లోంచి "ఆ టక్ టక్ ఎప్పుడాపుతారు, అన్నం చల్లారిపోతోంది" అనేదాకా.